‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’: ఒక కంట్రీ పాట, దాన్ని మళ్లీ పాడిన గొంతులు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పాట విట్నీ హ్యూస్టన్‌ది కాదా?

కాదు. ఈ పాటను రాసి, బాణీ కట్టి, మొదట పాడినవారు అమెరికన్ కంట్రీ గాయని డాలీ పార్టన్. ఆమె 1946లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, సెవియర్ కౌంటీలో, పన్నెండు మంది పిల్లలున్న పేద కుటుంబంలో పుట్టారు. 1964లో హైస్కూలు చదువు ముగియగానే పాటలు రాసి బతకాలన్న సంకల్పంతో నాష్‌విల్ నగరానికి చేరుకున్నారు. 1973 జూన్ 13న అక్కడి ఆర్‌సీఏ స్టూడియో బీలో ఈ పాటను రికార్డు చేశారు. 1974లో అది ‘జోలీన్’ ఆల్బమ్‌లో వచ్చింది, అదే ఏడాది జూన్‌లో బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. విట్నీ హ్యూస్టన్ ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం పాడినది ఆ తర్వాత పద్దెనిమిదేళ్లకు. తొంభైలలో ఇంగ్లిష్ పాటల క్యాసెట్లు కొనుక్కుని పెరిగిన మన తరం వాళ్లలో చాలామంది ఈ పాటను మొదట విట్నీ గొంతులోనే విన్నారు కాబట్టి ఈ పొరపాటు సహజమే. అయినా రాసినవారి పేరు మరుగున పడకూడదన్నది నా పట్టుదల.

డాలీ ఈ పాటను ఎవరిని ఉద్దేశించి రాశారు?

ప్రియుణ్ణి ఉద్దేశించి కాదు, తనకు అవకాశమిచ్చిన పెద్దమనిషిని ఉద్దేశించి రాశారు. ఆయన పేరు పోర్టర్ వాగనర్. తళుకుల సూట్లు వేసుకుని వారం వారం టీవీలో కంట్రీ పాటల కార్యక్రమం నడిపిన ఆయన, 1967లో తన బృందంలో గాయనిగా డాలీని చేర్చుకున్నారు. ఆ కార్యక్రమమే ఆమెను ఇంటింటికీ తెలిసిన మనిషిని చేసింది. ఇద్దరూ కలిసి పాడిన యుగళగీతాలకు మంచి పేరొచ్చింది. అయితే డాలీకి తన సొంత బాటలో నడవాలన్న కోరిక మొదటినుంచీ ఉంది. ఐదేళ్లు ఉంటానని వచ్చి ఏడేళ్లు ఉన్నానని ఆమె పలుమార్లు చెప్పారు. వెళ్లిపోతానన్న మాట ఎత్తినప్పుడల్లా వాదనే జరిగేది. ఆయన వినే స్థితిలో లేరు, ఈమె ఆగే స్థితిలో లేరు.

మాటలతో తెగని ఆ వ్యవహారాన్ని పాటతో తేల్చుకోవాలని ఆమె ఒక రాత్రి ఇంట్లో కూర్చుని ఈ పాట రాసి, మర్నాడు గిటార్ పట్టుకుని ఆయన ఆఫీసుకు వెళ్లారు. కూర్చోమని చెప్పి, ఆయన ఎదుటే పాడి వినిపించారు. పాట అయ్యేసరికి పోర్టర్ కళ్లనీళ్లు పెట్టుకున్నారనీ, ఇంత మంచి పాట నువ్వు ఇంతవరకూ రాయలేదన్నారనీ, ఈ రికార్డును నన్ను నిర్మించనిస్తే నువ్వు వెళ్లవచ్చన్నారనీ డాలీ చెబుతారు. 1974లో ఆమె ఆ కార్యక్రమాన్ని వదిలి బయటికి వచ్చారు.

ఈ నేపథ్యం తెలిశాక పాటను మళ్లీ వింటే చరణాల అర్థమే మారిపోతుంది. నేను ఇక్కడే ఉంటే నీ దారికి అడ్డమవుతాను కనుక వెళుతున్నాను, నీ మేలు కోరుతూనే ఉంటాను, నీకు కావలసింది నేను కాదని మనిద్దరికీ తెలుసు. ఇదీ పాట సారాంశం. మన పెళ్లిళ్లలోని అప్పగింతల పాటల్లో, పంపేవాళ్లు వెళ్లే పిల్లకు బుద్ధులు చెబుతూ దీవిస్తారు. ఇక్కడ వెళ్లే మనిషే నిలిచిపోయేవారిని దీవిస్తోంది. నిష్ఠూరం ఆడకుండా, తప్పు ఎవరిదో తేల్చకుండా చెప్పే ఈ వీడ్కోలే పాటకు ప్రాణం. కవర్ వెర్షన్లలో, అంటే ఇతరులు మళ్లీ పాడి రికార్డు చేసినవాటిలో, ఏది నిలిచింది, ఏది తేలిపోయింది అని చూసేటప్పుడు నేను పట్టుకునే కొలబద్ద కూడా ఇదే.

దీన్ని పెళ్లిలో పాడవచ్చా?

పాడకూడదని ఎవరూ అనరు, చాలాచోట్ల పాడుతూనే ఉన్నారు. పల్లవిలోని ఆ ఒక్క వాక్యం వింటే శాశ్వత ప్రేమకు ప్రమాణంలాగే ఉంటుంది. అయితే మొదటి చరణంలోనే గాయని సెలవు తీసుకుంటుంది కాబట్టి, రిసెప్షన్‌లో వధూవరులు దీన్ని ఎంచుకునే ముందు చరణాలు ఒక్కసారి చదువుకోవడం మంచిది. బదిలీ మీద వెళ్లే సహోద్యోగి వీడ్కోలు సభకు మాత్రం ఇంతకంటే తగిన పాట దొరకదు, ఎందుకంటే ఇది పుట్టిందే అలాంటి సందర్భంలో.

‘కంట్రీ’ పాట అంటే ఏమిటి? డాలీ తొలి రికార్డింగ్‌లో ఆ లక్షణాలు ఎలా కనిపిస్తాయి?

అమెరికా దక్షిణాది రాష్ట్రాల పల్లెల్లో, అపలాచియన్ కొండ ప్రాంతాల్లో బ్రిటిష్ దీవుల నుంచి వచ్చినవారి కథాగీతాలు, చర్చి పాటలు, నల్లజాతివారి బ్లూస్ కలగలిసి ఎదిగిన సంగీతం ఇది. నాష్‌విల్‌లో 1925లో మొదలైన ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అనే రేడియో కార్యక్రమం దానికి పెద్ద వేదిక అయింది. గిటార్, ఫిడేలు, జారుడు స్వరాలు పలికించే స్టీల్ గిటార్ దాని వాద్యాలు. మామూలు మనిషి మామూలు మాటల్లో తన కష్టం చెప్పుకోవడం దాని తీరు.

డాలీ రికార్డింగ్ మూడు నిమిషాలకు కాస్త తక్కువే ఉంటుంది. వాద్యాలు వెనక తగ్గి ఉంటాయి. ఆమె గొంతు సన్నగా, వణుకును దాచుకుంటున్నట్టుగా మొదలవుతుంది. చరణంలో స్వరాలు ఒకదానికొకటి దగ్గరగా, దాదాపు మాట్లాడుతున్నట్టుగా నడుస్తాయి. పల్లవిలో మాత్రం ఒక్కసారి పైకి లేచి అక్కడే కొంతసేపు నిలబడతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది మూడో చరణం. దాన్ని ఆమె పాడరు, పలుకుతారు. మన హరికథలో భాగవతారు పాట ఆపి వచనంలోకి దిగగానే సభ అంతా చెవులు రిక్కించినట్టు, ఇక్కడ కూడా స్వరం ఆగిపోయి మాట మిగిలినప్పుడే దీవెన నేరుగా తగులుతుంది. నీ జీవితం చల్లగా సాగాలని, నువ్వు కలగన్నదంతా నీకు దక్కాలని ఆమె చెప్పే చోట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఎవరో ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగా చెబుతున్నట్టే వినిపిస్తుంది. నిజానికి మొదటిసారి అలాగే చెప్పారు కదా.

ఎల్విస్ ప్రెస్లీ ఈ పాటను పాడాలనుకున్నారన్నది నిజమేనా?

నిజమేనని డాలీ స్వయంగా ఎన్నో ఇంటర్వ్యూలలో చెప్పారు. డెబ్బైలలో ఎల్విస్‌కు ఈ పాట బాగా నచ్చి, రికార్డు చేయాలని నిశ్చయించుకున్నారు. ఆమె పొంగిపోయి తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నారు. తీరా రికార్డింగ్‌కు ముందురోజు ఎల్విస్ మేనేజరు కల్నల్ టామ్ పార్కర్ ఫోన్ చేసి, ఎల్విస్ పాడే ఏ పాటకైనా ప్రచురణ హక్కుల్లో, అంటే పాట రాబడి మీద కర్త వైపు ఉండే హక్కుల్లో, సగం తమకు రాసివ్వాలన్నది తమ నియమమని చెప్పారు.

అప్పటికే ఆ పాట ఆమె గొంతులో కంట్రీ పట్టికలో మొదటి స్థానం చూసింది, పైగా అది ఆమె సొంత ప్రచురణ సంస్థ వెల్వెట్ యాపిల్ మ్యూజిక్ ఆస్తి. సగం వదులుకుంటే ఎల్విస్ గొంతులో తన పాట వినే భాగ్యం దక్కుతుంది, కాదంటే అది చేజారుతుంది. ఆమె కాదన్నారు. ఆ రాత్రంతా ఏడ్చానని చెబుతారు. ముప్పై ఏళ్లు కూడా నిండని, నిన్నమొన్ననే పెద్ద కార్యక్రమాన్ని వదిలి ఒంటరిగా నిలబడిన ఒక స్త్రీ, ఆ కాలపు అతిపెద్ద గాయకుడి మేనేజరుకు ఎదురు చెప్పడం ఎంత గుండెధైర్యమో ఆలోచించండి. నా దృష్టిలో ఈ పాట చరిత్రలో పాడటం కన్నా పెద్ద సంఘటన ఈ ‘కాదు’ అనడమే.

ఒకసారి విడుదలైన పాటను ఎవరైనా పాడుకోవచ్చంటారు కదా, మరి ఎల్విస్ ఆమె అనుమతి లేకుండా ఎందుకు పాడలేదు?

అమెరికా చట్టం ప్రకారం ఒక పాట రికార్డు రూపంలో ఒకసారి అమ్మకానికి వచ్చాక, నిర్ణీత రుసుము చెల్లించే షరతు మీద ఇంకెవరైనా దాన్ని పాడి రికార్డు చేయవచ్చు. కర్త అనుమతి అక్కరలేదు. 1974లో ఆ రుసుము ఒక్కో ప్రతికి రెండు సెంట్లు. అంటే చట్టపరంగా ఎల్విస్‌కు అడ్డేమీ లేదు. పార్కర్ అడిగినది చట్టం ఇవ్వని వాటా. ఎల్విస్ పాడితే ఎన్ని రికార్డులు అమ్ముడవుతాయో చూపి, ఆ ఆశతో కర్తల నుంచి హక్కులు రాయించుకోవడం ఆయన పద్ధతి. ఆ వాటా దొరకనప్పుడు పాటనే వదిలేశారు.

ఇక్కడ రెండు రకాల హక్కులను విడదీసి చూడాలి. పాట, అంటే సాహిత్యం, బాణీ, కర్తకు చెందుతాయి. రికార్డు చేసిన గొంతు, వాద్యాల ధ్వని ముద్రణ రికార్డు కంపెనీకి చెందుతుంది. ఎవరు ఎన్నిసార్లు కొత్తగా పాడినా మొదటి హక్కు మీద కర్తకు రాబడి వస్తూనే ఉంటుంది. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్‌ఎం రేడియోలో పాట మోగినప్పుడు డబ్బు కర్తకు, ప్రచురణకర్తకు అందుతుంది తప్ప పాడినవారికి అందదు. సగం హక్కు వదులుకోకపోవడం విలువ ఏమిటో ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లకు లోకానికి తెలిసింది.

విట్నీ కంటే ముందు ఎవరైనా కవర్ చేశారా?

1975లో లిండా రోన్‌స్టాట్ తన ‘ప్రిజనర్ ఇన్ డిస్గైజ్’ ఆల్బమ్‌లో పాడారు. పెద్దగా ఆర్భాటం లేని, నిండైన గొంతుతో పాడిన వెర్షన్ అది. అందులో డాలీ పలికిన మూడో చరణం లేదు. ఆ లోటు చిన్నదిగా కనిపించినా ముందు ముందు దానికి ఒక కథ ఉంది, కింద చెబుతాను.

1982లో డాలీ ఒక సినిమా కోసం తన పాటను తానే కొత్తగా రికార్డు చేయగా, అది కూడా కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. ఒకే గాయని ఒకే పాటతో, వేర్వేరు రికార్డింగులతో, ఎనిమిదేళ్ల తేడాలో రెండుసార్లు అగ్రస్థానం సాధించిన అరుదైన సందర్భం ఇది.

‘ది బాడీగార్డ్’ సినిమాలోకి ఈ పాట ఎలా వచ్చింది?

విట్నీ నాయికగా నటించిన ఆ సినిమాలో ఈ పాట స్థానంలో మొదట అనుకున్నది జిమ్మీ రఫిన్ పాడిన ఒక పాత పాట. అది అప్పుడే వేరే సినిమాలో వాడేశారని తెలియడంతో ఇంకొకటి వెతకవలసి వచ్చింది. కథానాయకుడు, నిర్మాతల్లో ఒకరైన కెవిన్ కాస్ట్నర్ ఈ కంట్రీ పాటను సూచించారు. సంగీత నిర్మాత డేవిడ్ ఫాస్టర్ దాన్ని వినడానికి తెప్పించుకున్న రికార్డు లిండా రోన్‌స్టాట్‌ది కావడంతో, ఆయన చేసిన తొలి రూపంలోనూ మూడో చరణం లేదు. అనుమతి విషయమై మాట్లాడుతున్నప్పుడు డాలీ ఆ చరణం గురించి చెప్పారు. ఫాస్టర్ దాన్ని రాసుకుని, అమరికను మార్చి పాటలో చేర్చారు. ఈ రోజు ప్రపంచమంతా విట్నీ గొంతులో వింటున్న ఆ దీవెన చరణం, కర్త పట్టుబట్టి చెప్పకపోతే జారిపోయేదే.

సినిమాలో ఒక చిన్న మెరుపు కూడా ఉంది. నాయికా నాయకులు ఒక బారులో నృత్యం చేసే సన్నివేశంలో వెనక మోగేది ఇదే పాట, జాన్ డో అనే గాయకుడి గొంతులో. చివర విట్నీ పాడేటప్పుడు ఆ పాత్రకు అది జ్ఞాపకంగా తిరిగి వస్తుందన్నమాట.

విట్నీ పాడిన తీరులో అంత గొప్పతనం ఏముంది?

మొదటి చరణమంతా ఒక్క వాద్యం లేకుండా వట్టి గొంతుతోనే సాగుతుంది. అలా మొదలుపెట్టాలన్నది కాస్ట్నర్ పట్టుదల. రేడియో వాళ్లు వేస్తారా అని రికార్డు కంపెనీ సందేహించింది. మన కచేరీలో పల్లవికి ముందు గాయకుడు తాళం లేకుండా రాగాన్ని విప్పుతున్నప్పుడు శ్రోతలు ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తారే, ఆ నిశ్శబ్దమే ఇక్కడా పనిచేస్తుంది. మెల్లగా వాద్యాలు చేరతాయి. కర్క్ వేలమ్ శాక్సఫోన్ మధ్యలో ఒక వరుస వాయిస్తుంది. ఆ తర్వాత మూడో నిమిషం దాటాక అంతా ఒక్క క్షణం ఆగిపోతుంది. పూర్తి మౌనం. డ్రమ్ మీద ఒకే ఒక్క దెబ్బ పడుతుంది. అదే క్షణంలో శ్రుతి ఒక మెట్టు పైకి లేచి, విట్నీ పల్లవిని శిఖరం మీద నుంచి అందుకుంటారు. ఎన్ని వందల సార్లు విన్నా ఆ దెబ్బకు ముందున్న మౌనంలో నా ఒళ్లు గగుర్పొడవకుండా ఉండలేదు.

ఆమె ‘ఐ’ అనే ఒక్క అక్షరాన్ని అనేక స్వరాల మీదుగా తిప్పే తీరును కొందరు ఆర్భాటమని విమర్శించారు. మన సంగీతం విన్న చెవికి అది కొత్తేమీ కాదు. ఒకే పంక్తిని సంగతి మీద సంగతి వేసి పెంచుకుంటూ పోవడం మనకు అలవాటైన విద్యే. విట్నీకి అది న్యూవార్క్ నగరంలోని న్యూ హోప్ బాప్టిస్ట్ చర్చిలో, గాస్పెల్ గాయని అయిన తల్లి సిస్సీ హ్యూస్టన్ దగ్గర అబ్బింది. చర్చిలో ప్రార్థనకు వాడిన గొంతును ఆమె వీడ్కోలుకు వాడారు. అందువల్లే అది ప్రదర్శనగా మిగిలిపోకుండా ప్రార్థనలా వినిపిస్తుంది. అయితే ఆ తర్వాత పాటల పోటీల్లో దీన్ని పాడిన ఎందరో గాయకులు ఆ సంగతులను మాత్రమే అనుకరించి, మొదటి చరణంలో ఆమె చూపిన నిగ్రహాన్ని వదిలేశారు. నిగ్రహం లేని చోట శిఖరానికి విలువ ఉండదు.

1992 నవంబరులో విడుదలైన ఈ రికార్డు అమెరికా ప్రధాన పట్టికలో వరుసగా 14 వారాలు మొదటి స్థానంలో నిలిచి అప్పటికి రికార్డు సృష్టించింది. బ్రిటన్‌లో 10 వారాలు అగ్రస్థానంలో ఉంది. 1994 గ్రామీ వేడుకలో ‘రికార్డ్ ఆఫ్ ద ఇయర్’ పురస్కారం అందుకుంది.

తన పాటను మరొకరు అంత పెద్దది చేస్తే డాలీకి బాధ కలగలేదా?

లేదని ఆమె పదేపదే చెప్పారు. కారు నడుపుతుండగా రేడియోలో మొదటిసారి విన్నారట. వాద్యం లేని ఆ ఆరంభం ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ ఉండగా పల్లవి వచ్చేసరికి ఉక్కిరిబిక్కిరై, కారు ఎక్కడ గుద్దుకుంటుందోనని పక్కకు ఆపుకున్నానని చెప్పారు. పాట నాది, దాన్ని ఆ స్థాయికి తీసుకెళ్లింది విట్నీ అన్న భావం ఆమె మాటల్లో ఎప్పుడూ కనిపిస్తుంది.

రాయల్టీ రూపంలో వచ్చిన డబ్బు కూడా తక్కువ కాదు. 1992–93 నాటికి చట్టబద్ధ రుసుము ఒక్కో ప్రతికి 6.25 సెంట్లకు పెరిగింది. అమ్ముడైన ప్రతులు కోట్లలో ఉన్నాయి, రేడియో రాబడి అదనం. ఆ డబ్బులో కొంత పెట్టి నాష్‌విల్‌లో నల్లజాతివారు ఎక్కువగా నివసించే ఒక ప్రాంతంలో భవన సముదాయం కొన్నాననీ, అది విట్నీ కట్టిన ఇల్లని అనుకుంటాననీ ఆమె 2021లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పారు.

ఆ తర్వాత వచ్చిన కవర్లలో వినదగినవి ఏవి?

1993లో బ్రిటన్‌లో సారా వాషింగ్టన్ దీన్ని నృత్య తాళంలోకి మార్చారు. గంతులేస్తూ వీడ్కోలు చెప్పడం నాకు రుచించదు. 1995లో డాలీ, విన్స్ గిల్ కలిసి పాడిన యుగళగీతం తప్పక వినాలి. విడిపోయే ఇద్దరి మాటలూ వినిపించడం వల్ల పాటకు అంతవరకూ లేని ఒక సమానత్వం వచ్చింది. 1997లో లెయాన్ రైమ్స్ రికార్డింగ్, 2019లో క్రిస్టిన్ చెనోవెత్ డాలీతో కలిసి పాడినది కూడా ఉన్నాయి.

2012లో పాట మళ్లీ పట్టికల్లోకి ఎందుకు వచ్చింది?

ఆ ఏడాది ఫిబ్రవరి 11న విట్నీ హ్యూస్టన్ కన్నుమూశారు. మర్నాడే జరిగిన గ్రామీ వేడుకలో జెనిఫర్ హడ్సన్ ఈ పాటను నిరాడంబరంగా, గొంతు తడబడకుండా ఆపుకుంటూ పాడి నివాళి అర్పించారు. ఆ వారాల్లో విట్నీ రికార్డు అమెరికా పట్టికలో తిరిగి మూడో స్థానం దాకా వెళ్లింది. న్యూవార్క్‌లోని అదే చర్చిలో అంత్యక్రియల ప్రార్థన ముగిశాక శవపేటికను భుజాన మోస్తూ బయటికి తెస్తున్నప్పుడు మోగినది ఆమె గొంతులోని ఈ పాటే.

మన తెలుగు గాయకులు దీన్ని పాడి యూట్యూబ్‌లో పెట్టవచ్చా? తెలుగులోకి మార్చి పాడవచ్చా?

భారత కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన సెక్షన్ 31సి కవర్ వెర్షన్లకు వీలు కల్పిస్తుంది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం యాభై వేల ప్రతుల లెక్కన రాయల్టీ ముందే చెల్లించాలి, మూల గాయకుల పేరో బొమ్మో పెట్టి శ్రోతను తికమక పెట్టకూడదు. ఇది ధ్వని ముద్రణకు మాత్రమే వర్తిస్తుంది. దృశ్యం జోడించి వీడియోగా పెట్టాలంటే హక్కుదారుల అనుమతి వేరుగా కావాలి. యూట్యూబ్ చాలా ప్రచురణ సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నందున అలాంటి వీడియోలను తొలగించకుండా ప్రకటనల ఆదాయాన్ని హక్కుదారులకు మళ్లించడం తరచుగా జరుగుతుంది.

తెలుగులోకి మార్చడం మాత్రం వేరే సంగతి. అనువాదం చేసే హక్కు కర్తదే కాబట్టి అనుమతి లేకుండా తెలుగు మాటలు పెట్టి విడుదల చేయకూడదు. ఇంట్లో పాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అలా పాడుకునేటప్పుడు కూడా మూడో చరణాన్ని వదలవద్దని నా మనవి.

డాలీది గొప్పదా, విట్నీది గొప్పదా?

ఒక్కటే ఎంచుకోమంటే నేను 1974లో విడుదలైన డాలీ రికార్డింగ్‌నే ఎంచుకుంటాను. విట్నీ వెర్షన్ విన్నప్పుడు ఆ గొంతును చూసి అబ్బురపడతాను, డాలీది విన్నప్పుడు నేను వదిలి వచ్చిన మనుషులు గుర్తొస్తారు. కొత్తగా వినేవారు మాత్రం ముందు డాలీ, తర్వాత లిండా రోన్‌స్టాట్, ఆ తర్వాత విట్నీ, చివర విన్స్ గిల్ యుగళం అనే వరుసలో వినండి. మూడో చరణం మాటగా మొదలై, మాయమై, పాటగా తిరిగి వచ్చిన తీరు స్పష్టంగా తెలుస్తుంది.

పోర్టర్ వాగనర్‌కూ డాలీకీ మధ్య చివరికి ఏమైంది?

పాటలో ఉన్నంత సామరస్యం నిజ జీవితంలో వెంటనే కుదరలేదు. 1979లో పోర్టర్ ఆమె సంపాదనలో తనకు వాటా రావాలంటూ దావా వేశారు. అది కోర్టు బయట పరిష్కారమైంది. కొన్నేళ్లు పట్టినా ఇద్దరూ మళ్లీ కలిసిపోయారు. 2007 మే నెలలో, పోర్టర్ గ్రాండ్ ఓల్ ఆప్రీ సభ్యుడై యాభై ఏళ్లు నిండిన వేడుకకు డాలీ వచ్చారు. అప్పటికి ఆయనకు దాదాపు ఎనభై ఏళ్లు. నాష్‌విల్ ఆఫీసు గదిలో ముప్పై నాలుగేళ్ల కిందట ఆయన ఒక్కరికే వినిపించిన పాటను ఆమె నిండు సభలో ఆయనకు మళ్లీ పాడి వినిపించారు. ఆ అక్టోబరు 28న పోర్టర్ కన్నుమూశారు.